విదేశాల పేజీ

మా మేనమామ మొన్న పొద్దున పోయాడు. ఎన్నికల మైకులు చెవులు గింగుర్లెత్తేలా మోగుతుంటే, ఆ కబురు ఇంటింటికీ గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది.

ఆవపల్లి చుట్టుపక్కల ఆయన గొంతు ఎరగనివారు తక్కువ. ఢిల్లీ పార్టీల నాయకులు హిందీలో మాట్లాడితే, మామ పక్కన నిలబడి తెలుగులో, మా అడవి ఊళ్లలో మాట్లాడే దోర్లీలో చెప్పేవాడు. పొద్దున ఒక జెండా కింద, సాయంత్రం ఇంకో జెండా కింద. "నీది ఏ పార్టీ మామా?" అని ఆటపట్టిస్తే, "నాది గొంతు పార్టీ రా" అనేవాడు. ఓటు ఎవరికో అత్తకు కూడా చెప్పి ఎరగడు.

సభకు ముందు ఆ పార్టీ ఎన్నికల ప్రణాళిక తెప్పించుకుని వెనక నుంచి చదివేవాడు. బియ్యం, బీడీలు చుట్టే తునికాకు ధర, రోడ్లు ముందు పేజీల్లో ఉంటాయి. అక్కడ పార్టీలు జుట్టూ జుట్టూ పట్టుకుంటాయి. చివర్లో విదేశాలతో ఒప్పందాలు, ప్రపంచ వ్యాపారం, భూమి వేడెక్కడం గురించి రెండు మూడు పేరాలు. ఏ పార్టీదైనా అవి ఒకే అచ్చు. "కొట్లాడేకాడ భయం లేదురా, కలిసేకాడ జూడు" అనేవాడు మామ. అవతలి కొండల ఇనుపరాయి ఏళ్లుగా ఓడలెక్కి విదేశాలకు పోతోంది. మా ఊరి గుట్టలోనూ అదే రాయి.

ఒకసారి సంత సభలో నాయకుడు, మన ఖనిజాన్ని ప్రపంచ మార్కెట్‌కు తెరుస్తామని చివర్లో గబగబా అనేశాడు. మామ దాన్ని తెలుగులో చెప్పగానే, ముందు వరుసలో ఒక ముసలమ్మ లేచి ఆయన్నే అడిగింది.

"ఏంది బిడ్డా, మన గుట్ట సంగతేనా?"

"ఔ పెద్దమ్మా. మనూరి పేజీల లేదు, విదేశాల పేజీల ఉంది" అన్నాడు మామ.

"మనల్ని అడిగిండ్రా?"

"విదేశాల సంగతాయె, మనల్నెందుకు అడుగుతరు?"

ఆ తర్వాత మామను ఏ పార్టీ పిలవలేదు. జీపుల మీద రికార్డు గొంతులొచ్చాయి. అవి వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

ఈసారి పార్టీల ప్రణాళికలు మంచంలో పడుకునే నాతో చదివించుకున్నాడు. అడవిని కాపాడతామని ప్రపంచానికి మాట, ఆ కిందే ఖనిజం ఎగుమతి.

"రెండు పార్టీలయి ఒక్కతీరే ఉన్నయా?"

"ఒక్కతీరే మామా."

"అయితే గుట్ట పోయినట్టే" అని గోడవైపు తిరిగాడు. నాకు భయమేసింది, ఏడుపొచ్చింది.

మామకు మట్టి ఇచ్చి వస్తుంటే రెండు పార్టీల జీపులూ ఎదురయ్యాయి. మర్యాదగా మైకులాపి మాకు దారిచ్చాయి. మేం దాటాక ఒకదాని వెనక ఒకటి గుట్టవైపు మళ్లాయి. కొన్నాళ్లుగా అటు మేకల్ని కూడా తోలొద్దని సర్కారు కట్టడి. ఆ దిక్కున రోడ్డే లేదుగదా అనుకుంటూ నిలబడి చూశాం. చెట్ల వెనక, రెండు లారీలు పక్కపక్కన పట్టేంత వెడల్పున, ఎర్రటి కొత్త రోడ్డు.