ఎదురుకాళ్ళ పిల్ల తన్నులు

మొన్న ఆదివారం మా పక్కింటావిడ ఇరవై ఏళ్ళ కొడుకుని మెల్లగా నడిపించుకొచ్చి, షటిల్ ఆడితే వాడికి నడుము పట్టేసిందని చెప్పి, "నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టినావంట గదమ్మా, వీని నడుము మీద ఒక్క తన్ను తన్నమ్మా" అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మదనపల్లెలో ఇన్ని కాలేజీలు వచ్చి ఏం లాభం! నోటికొచ్చినట్టు తిట్టి ఇద్దరినీ ఆస్పత్రికి తరిమాను. పాపం, ఆవిడ మొహం చిన్నబోయింది కానీ నా కోపం ఆవిడ మీద కాదు.

కాన్పులో కాళ్ళు ముందుగా వచ్చిన బిడ్డ తంతే నడుము పట్టు వదులుతుందని మావైపు నమ్మకం. డెబ్భైలలో పుంగనూరులో మా వీధి మొత్తానికి అలాంటి పిల్లను నేనొక్కదాన్నే. తెల్లారేసరికి రైతులూ, బేల్దారి మేస్త్రీలూ, టైలరు సాయిబూ వచ్చి మా తిన్నె మీద బోర్లా పడుకునేవాళ్ళు. ఎడమకాలితో మూడు తన్నులు తన్ని, వాళ్ళిచ్చిన బొరుగుల ఉండ నములుతూ బడికి పోయేదాన్ని. రెండు రోజులు ఊరుకుంటే తగ్గే నొప్పులు వాటంతటవే తగ్గేవి, పేరు నా కాలికొచ్చేది. నాకూ పొగరెక్కింది, అబద్ధమెందుకు?

మా అన్న వాలీబాల్ బాగా ఆడేవాడు. పోలీసు ఉద్యోగం తప్ప ఇంకోటి వద్దని కూర్చున్నాడు. సెలక్షన్ల పరుగు ఇంకో నెల ఉందనగా కుప్పంలో మేనమామ ఇంటికి వెళితే, అక్కడి కుర్రాళ్ళు గుండు ఎత్తమని రెచ్చగొట్టారట. ఈ మొనగాడు ఒళ్ళు కాస్త వేడెక్కించుకోకుండా, మోకాళ్ళు వంచకుండా వంగి ఆ రాతి గుండును లేపాడు. నడుములో కలుక్కుమంది.

నొప్పి నడుము నుంచి కాల్లోకి దిగుతోందని వాడు చెబుతూనే ఉన్నాడు, విన్నదెవరు? పరిగెత్తితే అదే వదులుతుందని డ్రిల్లు మాస్టరు గ్రౌండు చుట్టూ తిప్పాడు. ఆ మహానుభావుడికి విజిల్ ఊదడం తప్ప ఏం తెలుసని! ఇంట్లో మా అవ్వ నాచేత వరసగా మూడు రోజులు తన్నించింది. మూడో రోజు అన్న బోర్లా పడుకునే, "వద్దు పాపా, కాలు మొద్దుబారిపోతాండాది" అన్నాడు.

"వాని మాట యాల వింటావు, గట్టిగా తన్ను మే!" అంది అవ్వ.

తన్నాను. అన్న కెవ్వుమన్నాడు.

ఆ సాయంత్రానికి వాడి పాదం పైకి లేవలేదు. మదనపల్లె డాక్టరు మా నాన్న మీద కేకలేశాడు, నరం నలుగుతుంటే దాని మీద పరుగులేమిటి, తన్నులేమిటి అని. ఆయన నేర్పిన వ్యాయామాలతో ఏడాదికి నడక వచ్చింది, పాదం మాత్రం ఈడుస్తూనే. అన్న ఒక స్కూల్లో అటెండరుగా చేరాడు. పిల్లలు వాలీబాల్ ఆడే వేళకు గది తలుపు మూసుకునేవాడు.

ఇప్పుడు వీధికో ఫిజియోథెరపీ బోర్డు, ఆటకు ముందు ఒళ్ళు సాగదీసుకునే పిల్లలు. చూస్తే సంతోషమే, ఆ వెంటనే కడుపు మండుతుంది, ఈ నాలుగు ముక్కలు ఆనాడు చెప్పే దిక్కే లేకపోయిందే అని. అవ్వ పోయింది, మాస్టరు పోయాడు, తిట్టుకోవడానికి నేనే మిగిలాను. అన్న మాత్రం నేను బాధపడినప్పుడల్లా, "చిన్నపిల్లవు, నేను వద్దన్నది నీకు ఇనపడి ఉండదులే పాపా" అంటాడు.

బాగా వినపడిందన్నా అని ఇంతవరకూ చెప్పలేకపోయాను.