సజ్దాలో ఉండగా ఎగిరిన రేకులు

కడప నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా మసీదంటే ఒక రేకుల షెడ్డే. పెద్దది కట్టడానికి అనుమతి కోసం పెద్దలు ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. ఒక శుక్రవారం అందరం నుదురు నేలకు ఆనించి సజ్దాలో ఉండగా ఈదురుగాలి లేచింది. నెత్తిమీద రేకులు పెళపెళమని ఊడుతున్నాయి. నమాజు చేయించే ఇమాము కంటే ముందు మేం తల ఎత్తకూడదు. ఇప్పుడే ఒక రేకు నా మెడ మీద పడుతుందని కళ్లు గట్టిగా మూసుకున్నాను. వీపు మీద వాన పడింది.

నమాజు ముగిశాక చూస్తే పైన ఆకాశమే ఉంది. నా భుజం మీద పక్కనున్న ముసలి చాచా చెయ్యి వేశారు.

"ఫికర్ చెయ్యకు బేటా. రేకులే పోయినయ్, జాగ ఏడికీ పోలే."

ఇప్పుడక్కడ శ్లాబు వేసిన పెద్ద మసీదు ఉంది. అయినా వాన చప్పుడు వింటే, తల ఎత్తమనే ఇమాము గొంతు లేచేదాకా సజ్దాలో నా మెడ బిగుసుకునే ఉంటుంది.