బాతుల లంగా

దెయ్యాలు, మాయలు అని చెప్పేవాళ్ళని నేను పనీపాటా లేనివాళ్ళ కిందే జమకట్టేదాన్ని. చీకట్లో ఏదో కనిపించిందని ఎవరైనా అంటే, దీపం పెట్టుకుని చూడమనేదాన్ని. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అంతమాత్రాన ఏది చెప్పినా నమ్మేస్తాననుకోకండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ఆ మధ్య గోదావరికి వరదొచ్చి లంక ఊళ్ళు మునిగాయి. సింగపూర్‌లో మేముండే చోవా చూ కాంగ్ తెలుగువాళ్ళు బట్టలు పోగుచేసి ఓడలో పంపుదామనుకున్నారు. మా ఫ్లాట్ లిఫ్టుకి దగ్గరని మా అమ్మాయి పద్మ అన్నీ మా ఇంటికే చేర్చమంది. హాలంతా మూటలు. మనిషి నడవడానికి దారి లేదు.

అవి విప్పుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్ని కోట్లు, ఎత్తు మడమల చెప్పులు, తళుకుల గౌన్లు. ఒకరైతే ఈతబట్టలు పంపారు. అక్కడివాళ్ళు ఈదింది చాలలేదనుకున్నారు కాబోలు! చీరలు మాత్రం బోలెడు వచ్చాయి. లంగా ఒక్కటీ లేదు. లంగా లేకుండా చీర దేనికి దోపుకుంటారని అడిగితే, రాఫెల్స్ ప్లేస్‌లో పెద్ద ఉద్యోగం చేసే ఒకావిడ నవ్వింది.

"అవన్నీ వాళ్ళు అడ్జస్ట్ అవుతార్లెండి ఆంటీ."

ఏమిటి అడ్జస్టయ్యేది? చిన్నప్పుడు వరద చూసినదాన్ని నేను. బడి వసారాలో ఊరు ఊరంతా కూర్చున్నాం. ఆడవాళ్ళకి పైన పొడి చీరలు ఇచ్చారు, లోపల తడి లంగాలే. ఒరుసుకుపోయి పుళ్ళు పడినా ఒక్కరూ నోరు విప్పి అడగలేదు. అడగడానికి సిగ్గు. ఇచ్చేవాళ్ళకి ఆ ఆలోచన రాదు.

అందుకని ఇంటింటికీ పాత దుప్పట్లు అడిగి, మిషను ముందు కూర్చున్నాను.

ఆదివారాలు మూటలు కట్టడానికి సత్తిబాబు వచ్చేవాడు. ఓడల యార్డులో పనిచేస్తాడు. వాడిది మునిగిన లంక ఊరే. తల్లి మంగాయమ్మ ఒక్కతే ఉండేది అక్కడ. నీళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ ఫోను మోగడం లేదు. ఉందో పోయిందో తెలియదు. వెళ్తానంటే, వెళ్తే మళ్ళీ రానక్కర్లేదన్నాడట మేస్త్రీ.

"వొచ్చే ఆదివారం దాకా చూత్తాను మామ్మగారూ. కబురు రాపోతే ఎల్లిపోతాను. ఉజ్జోగం పోతే పోనియ్యండి," అన్నాడు. మూట బిగిస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు.

ఆ వారంలోనే, మంగళవారం మధ్యాహ్నం, నేనొక్కదాన్నే ఉన్నాను. మా మనవరాలు అనిక చిన్నప్పుడు కప్పుకున్న దుప్పటి ఒకటుంది, పసుపుపచ్చ బాతుల బొమ్మలది. దాంతో లంగా కుట్టాను. తెల్లదారం అయిపోతే కింద మడత ఆకుపచ్చ దారంతో వేశాను. కనిపించే చోటు కాదు కదా, కొత్త ఉండ ఎందుకు కొనడం? బొందు ఎక్కించి, మడతపెట్టి, మిషను మీద పెట్టాను. పాలు పొంగుతున్నాయేమోనని వంటింట్లోకి వెళ్ళి వచ్చాను.

లంగా లేదు.

మిషను కింద చూశాను. మూటల్లో చూశాను. ఇనుప గేటుకి లోపల్నుంచి తాళం వేసే ఉంది. కిటికీకి చువ్వలున్నాయి. నేను కూర్చునే స్టూలు చుట్టూ మాత్రం నీళ్ళు. ఫ్యాను నీళ్ళు కారుస్తుందా? ఎవరు ఒలకబోశారోనని తిట్టుకుంటూ తుడిచాను. తుడిచిన గుడ్డ ఎర్రగా, బురదబురదగా అయింది. వాసన కూడా వచ్చింది, వరద పోయాక గడ్డి కుళ్ళిన వాసన. మేముండేది పదకొండో అంతస్తు.

సాయంత్రం అందర్నీ నిలదీశాను.

"ఐ నెవర్ టేక్ లా అమ్మమ్మా! హూ వాంట్స్ డకీ పెటికోట్?" అంది అనిక, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

పద్మ నాకు కళ్ళజోడు మార్చాలంది. మతిమరుపు అనలేదు, మర్యాదకి.

ఆదివారం సత్తిబాబు సంచి సర్దుకునే వచ్చాడు. ఆఖరి మూట కడుతుండగా వాడి ఫోను మోగింది. ఎవరో పుణ్యాత్ముడు ఫోను ఇచ్చాడట, వీడియోలో మంగాయమ్మ! బడి వసారాలో ఉంది. వాడు "అమ్మా" అంటూనే ఏడ్చేశాడు.

"ఏడవమాకురా. నువ్వు రాకు. ఇక్కడ నాకే కాళ్ళు చాపుకోడానికి చోటు లేదు, నిన్నెక్కడ పెట్టనూ?" అందావిడ.

అందరం నవ్వాం. పద్మ కళ్ళు తుడుచుకుంది. నేను నవ్వుతూనే ఫోనులోకి వంగి చూశాను. ఆవిడ చీర వెనకాల తాడు మీద ఆరుతోంది. లంగా గుండెల మీదకి కట్టుకుని, భుజాల మీద తువ్వాలు వేసుకుని ఉంది. లంగా నిండా పసుపుపచ్చ బాతులు.

ఫోను లాక్కున్నాను. "అది ఎక్కడిది నీకు?"

ఆవిడ ఫోనుకి దగ్గరగా జరిగింది. "మీరేనాండి? అదే గొంతు! మీరే కదండీ ఇచ్చేరు, మంగళారం. ఒణుకుతా కూకుంటే ఎనకాల మిషను చప్పుడయ్యింది. 'బిగుసుకు కూర్చుంటే ఎవరొచ్చి కడతారు, ముందు ఇది కట్టుకో' అని కసిరి ఒళ్ళో పడేసేరు. తిరిగి చూత్తే లేరు."

"అలాంటి దుప్పట్లు ఎక్కడైనా దొరుకుతాయమ్మా," అంది పద్మ. నేనూ అదే అనుకున్నాను. కింద మడత తిప్పి చూపించమన్నాను. ఆకుపచ్చ దారం. నా కుట్టు నాకు తెలియదా? మేం కట్టిన మూటలేమో ఒక్కటీ కదలకుండా నా ఎదురుగానే ఉన్నాయి.

సత్తిబాబు ఫోనుకే దండం పెట్టాడు. వాడు ఉద్యోగం మానలేదు. మంచిదే.

ఫోను పెట్టేసేముందు మంగాయమ్మ గొంతు తగ్గించింది. "అక్కగారూ, నా పక్కన ఓ పచ్చి బాలింతరాలు ఉందండి. తడి లంగాతోనే ఉంది పాపం. ఇంకోటి అలాగే ఇద్దురూ." ఫోను వైపు చెయ్యి చాపింది.

ఎలా ఇవ్వను? ఏం చేశానో నాకు తెలిస్తే కదా!

అయినా ఆ రోజే ఒకటి కుట్టాను. మడతపెట్టి మిషను మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర ఊరికే నిలబడ్డాను. వచ్చి చూస్తే అక్కడే ఉంది. మర్నాడు మళ్ళీ పెట్టాను. పాలు కాచాను. పైకే కసిరాను, తీసుకోమని. నేల పొడిగానే ఉంది.

మూటలు ఓడెక్కడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ బాలింతకి ఎవరైనా ఇచ్చారో లేదో తెలియలేదు. మొదటిది ఎలా వెళ్ళిందని నన్ను అందరూ అడుగుతారు. నాకూ తెలియదు. రెండోది ఎందుకు వెళ్ళలేదని మాత్రం ఎవరూ అడగరు.