కొత్త చింతపండే కావాలన్నాను

మా ఆఫీసులో ఈ మధ్య చేరిన అమ్మాయి ఒకతి, కాలేజీలో ఉన్నప్పుడే ఫోన్లో ఏవో బొమ్మలు గీసి అమ్ముకుని తన ఖర్చులు తనే చూసుకున్నానని చెప్పింది. చెప్పడం తప్పు కాదు. ఆ తర్వాత "మీ కాలంలో ఇలాంటి అవకాశాలు ఉండేవి కావు కదా మేడమ్" అని జాలిపడింది చూడండి, అది నాకు నచ్చలేదు. అవకాశాలు ఎందుకు లేవు? చెట్టు నిండా వేలాడుతూ ఉండేవి. వాటిని ఎప్పుడు అందుకోవాలో నాకు తెలియలేదు, అంతే.

నేను బి.ఎ. చదివింది సుక్మాలో, తెలుగు నేల సరిహద్దు దాటితే వచ్చే హిందీ పట్నంలో. మా ఊరు దానికి దక్షిణాన, సరిహద్దు దగ్గర, తెలుగు మాట్లాడే మిరప రైతుల ఊరు. మొదటి ఏడు ఫీజులన్నీ నాన్నే కట్టాడు. రెండో ఏడు మిరపకు ముడత తెగులు తగిలింది. ఆకులు ముడుచుకున్నాయి, వాటితోపాటు నాన్న చెయ్యి కూడా.

"బస్సుకూ పుస్తకాలకూ నేను చూస్త," అన్నాడు. "పరీక్ష ఫీజు మాత్రం నాతోని కాదు. నువ్వే ఏదన్న చూసుకో. కాదంటే వచ్చెయ్యి, కోతకు మనిషి తక్కువున్నది."

కోపంతో అని ఉంటే వాదించేదాన్ని. వాదించడం నాకు అన్నం తిన్నంత సులువు. కానీ ఆయన కోపంతో అనలేదు. నిజంగానే కోతకు ఒక మనిషి తక్కువ. చదువు మధ్యలో ఆపి మిరప చేలోకి దిగిన ఆడపిల్ల మళ్లీ కాలేజీ మెట్లెక్కడం మా ఊళ్లో అంతవరకూ ఎవరూ చూడలేదు. నా విషయంలో చూస్తారని నాకూ నమ్మకం లేదు. నూట అరవై రూపాయలు. అటు నేను, ఇటు చేను, మధ్యలో ఆ నూట అరవై.

సుక్మాలో నేను ఉండేది మా మేనత్త ఇంట్లో. విషయం విని ఆమె, "నీ నోటిని కిలోల లెక్కన అమ్మితే నూట అరవై ఏంది, సుక్మా బజారు మొత్తం కొనొచ్చు కదనే" అంది. తిట్టిందో సలహా ఇచ్చిందో తెలియదు. నేను సలహాగానే తీసుకున్నాను.

నా నోట్లో నాలుగు భాషలున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, చేలో కూలికి వచ్చే డోర్ల ఆదివాసీలతో ఆడి నేర్చుకున్న డోర్లీ, బజారులో బేరానికి సరిపడా హల్బీ. తహసీల్ ఆఫీసు ముందు దరఖాస్తులు రాసే పెద్దమనిషికి ఉన్నది హిందీ ఒక్కటే. అడవి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఒకటి చెప్తే ఆయన ఇంకొకటి రాసేవాడు. సంత రోజున నేను ఆయన బల్లకు పది అడుగుల దూరంలో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను.

"ఏయ్ లడ్కీ, యే మేరీ జగహ్ హై," అన్నాడు ఆయన.

"మీ జాగా బల్ల దగ్గర. నాకు బల్ల లేదు," అన్నాను.

ఆయన గొణుక్కుంటూ గొడుగు నా వైపు ఎండ పడేట్టు తిప్పుకున్నాడు. నేను సంచి కొంచెం జరుపుకున్నాను. ఆ ఏడంతా మా ఇద్దరి మధ్య జరిగిన యుద్ధం అంతే.

పని బాగానే దొరికింది. చిక్కల్లా కూలి దగ్గర. చేతిలో రూపాయి ఉన్నవాళ్లు రూపాయి ఇచ్చేవారు, లేనివాళ్లు సొరకాయో, గుప్పెడు సారపప్పో, ఒకసారి రెండు వాగు చేపలో ఇచ్చేవారు. అత్త సంబరపడింది. కాలేజీ గుమాస్తా మాత్రం ఫీజు కింద సొరకాయ తీసుకోడు కదా.

అప్పుడు వచ్చింది అవ్వ. భేజ్జి దాటి లోపలికి పోతే వచ్చే ఊరు ఆమెది, డోర్ల మనిషి. మనవడికి ఛాత్రవృత్తి, అదే స్కాలర్‌షిప్పు, రావాలంటే కులం సర్టిఫికెట్టు కావాలని బడి మాస్టరు చెప్పాడట. దరఖాస్తు రాసి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సగం డోర్లీలో, సగం తెలుగులో మాట్లాడింది.

"మా ఊళ్లె పన్నెండు ఇండ్లు బిడ్డా. అందరి పిల్లలకూ ఈ కాయితం కావాలె. నువ్వే ఒక దినం వచ్చి రాసిపో."

"వస్త. ఏమిస్తరు?"

ఆమె కొంగు మూట విప్పి, అడ్డాకులో చుట్టిన కొబ్బరికాయంత చింతపండు ముద్ద ఒకటి తీసింది. పోయినేటి పండు, ఉప్పేసి దంచి కుండలో దాచినది. నల్లగా నిగనిగలాడుతోంది.

"ఇంటికొక ముద్ద," అంది.

నేను ముక్కు విరిచాను. నాది అర్థశాస్త్రం. గిరాకీ, సరఫరా రెండు పాఠాలూ అప్పుడే అయ్యాయి, మిగతావి కాలేదు. "ఇంత నల్లదా? ఎవరు కొంటరవ్వా దీన్ని? చెట్ల మీద కొత్త పండు వేలాడుతుంటే నాకు ఈ తారు ముద్ద ఇస్తవా? ఇంటికొక గంప కొత్తది ఇయ్యి, వస్త."

"కొత్తదే కావాల్నా?"

"కొత్తదే."

"కొత్తదైతే ఆగాలె మరి."

"ఆగుత. పది దినాలైనంక వస్త గదా."

అవ్వ నా మొహం ఒక నిమిషం చూసి, ముద్దను మళ్లీ ఆకులో చుట్టి మూట కట్టుకుంది. ఆగడం అంటే పండు చెట్టు మీద ఎండేదాకా అనుకున్నాను నేను. పన్నెండు గంపలు దోర్నపాల్ సంతలో అమ్మితే ఫీజు పోగా కొత్త చెప్పులు కూడా వస్తాయని లెక్క తేలింది. ఆ చెప్పుల రంగు కూడా నిర్ణయించుకున్నాను.

పది రోజులకు కాలేజీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పరీక్ష ఫారానికి ఆఖరు రోజు సోమవారం. నేను గురువారం పొద్దున్నే బయల్దేరాను. దోర్నపాల్ దాకా బస్సు, అక్కణ్ణుంచి జీపు, భేజ్జి దగ్గర దిగి నడక. దారి పొడుగునా చింతచెట్లు గోధుమరంగు కాయలతో బరువుగా వంగి ఉన్నాయి. ఒక్క చెట్టునూ ఎవరూ దులపలేదు. నా కోసమే ఉంచినట్టున్నారనిపించింది.

చింతచెట్టు కిందే చాప వేశారు. ఒక్కో దరఖాస్తుకూ ఒక్కో గొడవ. బళ్లో మాస్టరు పెట్టిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచేది ఒకటి. పుట్టిన తేదీ అడిగితే ఒక తండ్రి, "వాగు పొంగి బర్రె కొట్టుకపోయిన ఏడు" అన్నాడు.

"ఏ బర్రె?" అన్నాడు పక్కింటాయన. "మీది రెండుసార్లు కొట్టుకపోయింది గదా."

దాని మీద అరగంట నడిచింది. చివరికి బర్రె వయసు తేలింది, పిల్లవాడిది తేలలేదు. బడి రిజిస్టరులో ఉన్నదే రాశాను.

పదకొండు దరఖాస్తులయ్యాక నడుం నొప్పి పుట్టి ఒళ్లు విరుచుకున్నాను. పక్కనే ఒక కాయ టప్పున రాలింది. ఏమీ ఆలోచించలేదు. పెంకు చిట్లగొట్టి, సగం విరిచి నోట్లో వేసుకున్నాను. పులుపుకు కళ్లు మూసుకుపోయాయి. తెరిచేసరికి చుట్టూ అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. పిల్లలు కూడా.

భుజాన గొడ్డలితో సన్నటి ముసలాయన ఒకరు వచ్చి నిలబడ్డాడు. ఊరి పూజారి. నన్ను కాదు, అవ్వను అడిగాడు.

"ఎవరు ఈ పిల్ల?"

"కాయితాలు రాసే పిల్ల."

"నోట్లె ఏంది?"

"చింతపండు, తాతా," అన్నాను నేనే.

"అది కనపడుతనే ఉన్నది."

అప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో కొత్త పండు ఏదైనా ముందు నేలతల్లికి పెట్టి, ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసుకున్నాకే నోట పెట్టాలి. వాళ్లు పండుం అంటారు. అది అయ్యేదాకా చెట్టు దులపరు, తినరు, అమ్మరు. మా తెలుగు రైతుల ఊళ్లో ఈ కట్టుబాటు లేదు. విన్నాను కానీ, మామిడికి మాత్రమే అనుకున్నాను. అయినా ఊరికే ఒప్పుకుంటే నేను నేనెట్లా అవుతాను?

"నేను ఈ ఊరిదాన్ని కాదు తాతా."

"చెట్టు ఈ ఊరిదే."

"నేను కొయ్యలే. అదే రాలింది."

"రాలింది నేల మీదికి. నీ నోట్లెకు రాలలే."

నేను చాలామందితో వాదించాను. రెండు మాటల్లో ఓడిపోయింది అక్కడే. పూజారి చెయ్యి చాపాడు. మిగిలిన సగం కాయ ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఆకులో చుట్టి చెట్టు మొదట్లో ఉంచి, తప్పు కింద ఒక కోడి ఇవ్వాలన్నాడు.

"నేను కోడి ఎక్కడ తేవాలె?"

అవ్వ లేచి వాళ్ల దడి పక్కన తిరుగుతున్న పెట్టను పట్టుకొచ్చింది. "నాది పెడుత. మళ్ల తెచ్చియ్యి." నా మీద జాలి కలిగిందనుకుని కళ్లు చెమర్చబోయాయి. "పెట్టనే తేవాలె, పుంజు కాదు," అని కూడా అంది. చెమర్చడం ఆగిపోయింది.

తప్పు కోడిని ఊరంతా పంచుకుని తింటుంది, తప్పు చేసిన మనిషితో సహా. నా వాటా ఆకులో పెట్టి ఇచ్చారు. తింటూ అడిగాను, "మరి పండుం ఎప్పుడు తాతా?"

"అమాస పోయినంక."

అమావాస్యకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. సోమవారానికి నాలుగు. చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాను. కోతకు మనిషి తక్కువైన మా చేను కళ్ల ముందు కనిపించింది, సాళ్లతో సహా. అంతవరకూ ఫీజు సంగతి ఎవరికీ చెప్పలేదు, అవసరంలో ఉన్నట్టు కనపడితే బేరం చెడుతుందని. ఇప్పుడు అవ్వకు చెప్పాను.

"సోమారం లోపల పైసలు కట్టకపోతే నా చదువు ఆగిపోతదవ్వా. మిరప చేలకు పోవాలె."

అవ్వ ఎముక పక్కన పెట్టి, నింపాదిగా చేతులు కడుక్కుంది.

"మరి నల్లది వద్దంటివి."

"అన్న."

"తారు ముద్ద అంటివి."

"అన్న."

"పన్నెండు ఇండ్లల్ల చెప్పిన నేను. మన చింతపండును తారు అంటున్నదని."

పన్నెండు ఇళ్లూ నవ్వాయి. పూజారి కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

"ఇప్పుడు నల్లది కావాలంటున్న," అన్నాను నెమ్మదిగా.

"గట్టిగ చెప్పు బిడ్డా. ముసలిదాన్ని, వినపడదు."

దడి పక్కన కోడి ఈకల చప్పుడు విని పట్టుకొచ్చిన మనిషికి నా మాట వినపడలేదట. "నల్ల చింతపండు కావాలె," అని ఊరంతా వినేట్టు చెప్పాను.

మిగిలిన దరఖాస్తులు కూడా రాసి ఇచ్చాక ఇంటికొక ముద్ద తెచ్చారు. నేను అడిగిన గంప కాదు, ఆమె మొదట చెప్పిన ముద్దే. నలుగురు పిల్లలున్న ఇంటివాళ్లు రెండు తెచ్చారు. మర్నాడు దోర్నపాల్ సంత. అవ్వ కోడళ్లిద్దరూ ఎలాగూ వెళ్తున్నారు కనుక గంపల్లో పెట్టుకుని నాతో వచ్చారు.

సంతలో చింతపండు కొనే సేఠ్ ఒక ఆకు విప్పాడు. ముక్కు విరిచాడు. "ఇంత నల్లదా? ఎవరు కొంటారమ్మా దీన్ని? పురానా మాల్, పాత సరుకు."

అక్షరం పొల్లు పోకుండా నా మాటే. అంతవరకూ లోకంలో అందరితోనూ వాదించాను, నాతో నేను వాదించాల్సి రావడం అదే మొదలు.

"పురానాయే సేఠ్. నయా ఎక్కడున్నదో చూపించండి, నేను పోత."

ఆయన సంత మొత్తం చూశాడు. నేనూ చూశాను. మిరప ఉంది, ఉప్పు ఉంది, సారపప్పు ఉంది. కొత్త చింతపండు ఒక్క గంప లేదు.

"ఈ చుట్టుపక్కల అమావాస్య పోయేదాక ఎవరూ చెట్టు దులపరు," అన్నాను. "ఇంకా పదకొండు దినాలు. మీ గోదాం నిండుగా ఉంటే చెప్పండి."

సేఠ్‌కు ఆ సంగతి తెలుసు. నాకు తెలియదనుకున్నాడు. "కాలేజీ పిల్లకు ఈ సంగతులు ఎవరు చెప్పిన్రు?"

"ఊరికే చెప్పలే. ఒక కోడి తీసుకున్నరు."

మామూలు ధర మీద కిలోకు రూపాయిన్నర పెంచాడు. తూకం వేసేటప్పుడు చిటికెన వేలు త్రాసు మీద ఆనించాడు. "వేలు తీయండి సేఠ్, అది నేను అమ్మట్లేదు," అన్నాను. కోడళ్లిద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నూట అరవై ఎనిమిది వచ్చింది. పైన ఎనిమిది బస్సుకు సరిపోయింది. చెప్పులు పాతవే.

సోమవారం కాలేజీ గుమాస్తా నోట్లు లెక్కపెట్టడానికి వేలు నాలుకకు అద్దుకున్నాడు. మూడో నోటు దగ్గర చింతపండు పులుపు తగిలి మొహం ముడుచుకుపోయింది. "యే క్యా హై?" అన్నాడు. "ఇమ్లీ, సర్," అన్నాను. రసీదు రాసి ఇచ్చాడు. చింతపండు అమ్మి ఫీజు కట్టానని ఊరికి కబురు పంపాను. నాన్న కోతకు వేరే మనిషిని పెట్టుకున్నాడు. "మనకు చింతచెట్టు యాడున్నది?" అని మాత్రం చాలా రోజులు అందరినీ అడిగాడట.

పరీక్షలయ్యాక అత్త దగ్గర ఒక పెట్టను బతిమాలి తీసుకుని, చంకలో పెట్టుకుని మళ్లీ ఆ ఊరు వెళ్లాను. పండుం అయిపోయింది. ప్రతి వాకిట్లో కొత్త చింతపండు ఆరబోసి ఉంది. అవ్వ కోడిని చేత్తో బరువు చూసింది.

"నా కోడి కంటె చిన్నగున్నది."

"పెట్టనే అన్నవు. ఎంతుండాలెనో చెప్పలే."

పూజారి తాత చెట్టు కింద కూర్చుని గింజలు తీస్తున్నాడు. నన్ను చూసి ఒక కాయ తీసి సగం విరిచి ఇచ్చాడు. "ఆ దినం సగమే తింటివి. మిగిలింది ఇది. ఇప్పుడు తప్పు లేదు, తిను."

తిన్నాను. బాగానే ఉంది.

"ఎట్లున్నది?" అన్నాడు.

"ఆ దినం తిన్నదే బాగుండె తాతా," అన్నాను. నా నోరు నా మాట వినదు.

ఆయన అవ్వ చేతిలోని కోడి వైపు చూశాడు.