సాంచాల మోతలో మా మామ ఫోన్

మా మామ పోయాడు. పోయిన బుధవారం పొద్దున, భివండిలోని నాగావ్ కార్ఖానాలో నడుస్తున్న సాంచ పక్కనే కూలబడ్డాడు. మాన్కోలి గోదాములో పనిలో ఉన్న నాకు కార్ఖానా సేటు ఫోన్ చేసి, "మీ మామ ఇగ లేడు బిడ్డా" అన్నాడు. గుండెపోటని డాక్టరు రాశాడు. రాసుకోనీ. ఆ గుండెను రెండేళ్లుగా కోస్తున్నదెవరో నాకు తెలుసు. అందుకే ఇది ఏడుస్తూ కాదు, కోపంతో రాస్తున్నాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఊళ్లో భూమి లేక కుర్రతనంలోనే ముంబై పక్కనున్న ఈ భివండికి వచ్చి, మేం సాంచాలనే మరమగ్గాల మీద బతుకంతా బట్ట నేశాడు. నాన్న లేని నన్ను చదివించింది ఆయనే. చిన్నప్పుడు తెగిన పోగు అతకడం నేర్పుతూ, "ముడి సన్నగెయ్యాలె బిడ్డా, బట్ట కట్టుకునేటోళ్లకు కుచ్చుకోవద్దు" అనేవాడు. ఎవరు కడతారో కూడా తెలియని బట్ట అది. ముక్కూమొహం తెలియని వాళ్ల ఒంటి గురించి ఆలోచించిన మనిషిని, తెలిసినవాడే ముంచాడు.

ఆ తెలిసినవాడు ఒక షేర్ల బ్రోకర్ కంపెనీ తరఫున మా గల్లీలో ఆఫీసు తెరిచినవాడు. మన దిక్కు మనిషే, మన మాటే. సొంతంగా రెండు పాత సాంచాలు కొనుక్కోవాలని మామ ఆశ. కూడబెట్టినదంతా అతని దగ్గర షేర్లుగా మార్చి, ఏళ్ల తరబడి ముట్టుకోకుండా ఉంచాడు.

సాంచాల మోతలో ఫోన్ మోగితే వినబడదు. అందుకే మా గల్లీలో పనికెక్కే ముందు ఫోన్లన్నీ చాయ్ హోటల్లో పెట్టిపోవడం అలవాటు. ఊరి నుంచి కబురొస్తే హోటలాయన వచ్చి చెబుతాడు. ఈ బ్రోకర్ మనిషి తన ఆఫీసులో ఒక బల్ల వేసి, చార్జర్లు పెట్టి, "హోటల్ల ఎందుకన్నా, ఈడ పెట్టున్రి, చార్జింగ్ గూడ అయితది" అన్నాడు. "మంచిదే గదా మామా, పెట్టు" అన్నది నేనే. చదువుకున్నదాన్ని మరి.

షేర్లు అమ్మాలంటే ఫోనుకు ఓటీపీ రావాలి. అది అతని బల్ల మీదికే వచ్చింది. అమ్మినట్టు చెప్పే మెసేజీ అక్కడికే వచ్చింది, అతనే చెరిపేశాడు. ఖాతా ఫారంలో ఈమెయిల్ గడిలో ముందే తన చిరునామా రాసుకున్నాడు. మామ షేర్లన్నీ అమ్మి, ఆ డబ్బుతో మామ పేరు మీదే రోజూ కొని, అమ్మి, ప్రతిదాని మీదా కమీషన్ తిని, చివరికి ఊడ్చిపెట్టి ఆఫీసుకు తాళం వేశాడు.

స్టాక్ ఎక్స్ఛేంజీకి ఫిర్యాదు నేనే రాశాను. ఓటీపీ కస్టమర్ ఫోనుకే వెళ్లింది గనుక కస్టమర్ ఒప్పుకున్నట్టేనని బ్రోకర్ కంపెనీ జవాబిచ్చింది. ఆ మనిషిని తమ బోర్డు కింద కూర్చోబెట్టింది వాళ్లే. కంచె చేను మేస్తే, నువ్వెందుకు చూసుకోలేదని చేనును నిలదీశారు.

ఎక్స్ఛేంజీ వాళ్ల విచారణ వీడియో కాల్‌లో జరిగింది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని మా గోదాం ఆఫీసుకొచ్చాడు. అన్ని నెలలు మెసేజీలు వస్తుంటే చూడలేదా అని అధికారి హిందీలో అడిగాడు. మోతలో వినబడదని మామ హిందీలోనే చెప్పాడు. ఏం మోత, అన్నాడాయన. మామ నా వైపు తిరిగి, "పోగు తెగంగనే సాంచ ఆపాలె గద బిడ్డా. గజం నేసినంక నన్నడుగుతె ఏం లాభం? ఆపేటోడు ఎటు వోయిండు?" అన్నాడు. ఆ మాట నేను హిందీలోకి మార్చేలోపు మాకిచ్చిన సమయం అయిపోయింది.

ఏళ్లుగా కదలని ఖాతాలో హఠాత్తుగా రోజూ కొనుగోళ్లు, అమ్మకాలు. మామ ఆరు సాంచాల మధ్య నిలబడి ఎక్కడ పోగు తెగినా పసిగట్టేవాడు. ఏసీ గదుల్లో కాపలాకని కూర్చున్నవాళ్లకు ఇది కనబడలేదంటే నేను నమ్మను.

మామ ఒప్పుకునే ఇదంతా జరిగిందని తీర్పు రాశారు. అప్పీలు వేశాం. "పైసలు పోతె పోనీ. నేను ఒప్పుకున్ననని రాసిన్రు సూడు, గదొక్కటి కొట్టెయ్యమను" అనేవాడు. అప్పటి నుంచి ఫోన్ ఎవరికీ ఇవ్వలేదు. గుడ్డసంచిలో పెట్టి సాంచ చట్రానికే కట్టుకుని, నూలు అయిపోయి కండె మార్చిన ప్రతిసారీ అప్పీలు సంగతి వచ్చిందేమోనని తీసి చూసుకునేవాడు.

బుధవారం నేను వెళ్లేసరికి ఆయన కోసం సాంచాలన్నీ బంద్ చేశారు. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెన్నడూ చూడలేదు. అప్పుడు ఆ సంచిలో ఫోన్ మోగింది. చిన్న చప్పుడే, చివరి వరుసలో ఉన్నవాళ్లు కూడా తలతిప్పారు.

"అప్పీలుదేనా బిడ్డా?" అన్నాడు సేటు.

బ్రోకర్ కంపెనీ నుంచి ఇంగ్లీషులో వచ్చిన మెసేజీ. మీ ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి, మీ పెట్టుబడికి మీరే కాపలా అని ఉంది. తెలుగులో చెప్పాను.

కూలబడుతూ కూడా మామ హ్యాండిల్ లాగి సాంచ ఆపాడని పక్క సాంచ మీది మనిషి చెప్పాడు. వంగి చూశాను. బట్ట సగంలో ఆగి ఉంది. ఒక్క పోగూ తెగలేదు.