సగం నొక్కుడు

మా ఇంట్లకు కెమెరా అచ్చిన నాడు బాపు దాన్ని దేవుని అర్రల పెట్టి బొట్టు పెట్టిండు. కొబ్బరికాయ గూడ కొడ్తుండె గని, నీళ్లు తలిగితే వారంటీ పోతదని నేనే ఆపిన. నాందేడ్ వజీరాబాద్ బజార్ల ఒక దుకాన్ల అన్నిటికంటె అగ్గువది ఏదని అడిగి, దానికంటె అగ్గువది ఉంటే చూపియ్యుమని ఇంకోసారి అడిగి తెచ్చిన కెమెరా అది. వెండి రంగు, సబ్బుబిళ్ల సైజు. డబ్బ మీద కొత్తగ నేర్చుకునేటోళ్ల కోసం అని ఇంగ్లీషుల రాసి ఉండె. దాని అర్థం నెల తిరిగేసరికి ఎరుకైంది. సెల్లుల ఖర్చు ఎంతయితదో కొత్తోళ్లకే ఎరుకుండది, అందుకని వాళ్ల కోసం చేసిండ్రు.

దానికి రెండు పెన్సిల్ సెల్లులు కావాలె. మంచివి, పిరమైనవి ఏస్తే ఫ్లాష్‌తోని ముప్పయి ఫోటోలు అస్తయి. అగ్గువవి ఏస్తే మూతి బయటికి పెడ్తది, తెర మీద ఎర్ర గుర్తు చూపెడ్తది, మూతి లోపటికి తీసుకుంటది. అయిపాయె. ఒక్కోసారి లోపటికి తీసుకునే బలం గూడ ఉండది. ఎండకాలం కుక్క నాలికె లెక్క మూతి అట్లనే ఏలాడేసుకోని ఉంటది.

మేము చెయ్యని వైద్యం లేదు. ఎండల పెట్టినం, అరచేతుల రుద్దినం, పంటితోని కొరికినం. అమ్మ ఒకసారి పెంక మీద ఏడి చెయ్యబోయింది. నేను చూసిన గనుక ఇది రాసుడానికి ఉన్న. కెమెరా సచ్చిపోయినయని పారేసిన సెల్లులు గోడ గడియారంల ఏస్తే ఆర్నెల్లు నడిచేటియి. మా ఇంట్ల మూడు గడియారాలు ఆ ఎంగిలి మీదనే బతికినయి.

అప్పుడు నాకు పదిహేడేండ్లు. బాపుకు బటన్లు ఎరుకలేవు, అక్కకు ఓపిక లేదు, కెమెరా నా చేతులకు అచ్చింది. ఫోటోలు ముప్పయి. ఏ ఫంక్షన్ అయినా చుట్టాలు అరవై మంది. అందర్ని తీస్తే సగం మంది మొఖాలు చీకట్ల పోతయి. తియ్యకపోతే మన్సుల పెట్టుకోని పదేండ్లు మాట్లాడరు. ఈ లెక్క కుదరక నేను ఒక ఉపాయం కనిపెట్టిన.

బటన్ సగం నొక్కితే కెమెరా ముంగట నారింజ రంగు బుగ్గ, చిన్న బల్బు, ఎలుగుతది. టిక్కు టిక్కుమని సప్పుడయితది. కెమెరా మనిషిని మంచిగ చూసుకుంటదన్నట్టు, అంతే. ఫోటో పడది, సెల్లు తరుగది. కూసున్నోళ్లు మాత్రం మొఖం మీద ఎలుగు పడ్డది గనుక అయిపోయిందనుకోని లేస్తరు. ఫోటో ఏదిరా అని ఎనుకసీరి అడిగితే, కంప్యూటర్ల ఎక్కియ్యాలె అంటే సాలు. ఆ రోజులల్ల కంప్యూటర్ల ఎక్కియ్యాలె అన్న మాటకు ఎదురు మాట లేకుండె.

రెండో ఫంక్షన్‌కే అమ్మ దీన్ని పసిగట్టింది. తిట్టలే. పనికి పెట్టుకున్నది. మంచిగ తీయ్ రా అంటే నిండ నొక్కాలె. తీయ్ తీయ్ అని రెండుసార్లు అంటే సగం. పక్కింటి మరాఠామె, కాకు అంటం, ఆమెకు సగం. బాపుతోని పడని చుట్టాలకు సగం. కిరాయికి ఉండేటోళ్లకు సగం గూడ దండుగ అని అమ్మ అన్నది గని, సగానికి సగం నాకు రాలే.

అందరికంటె ఎక్కువ సగాలు పడ్డది మా అత్తమ్మకు.

అత్తమ్మ బాపుకు అక్క. భోకర్‌ల మామకు ఫోటో స్టూడియో ఉండె. మంచు కొండలు గీసిన పరదా ముంగట భోకర్ తాలూకా కొత్త జంటలన్ని పది నిమిషాలు చలిల నిలబడి అచ్చినయి. మామ పోయినంక స్టూడియో ఇంకెవరికో పోయింది, అత్తమ్మ ఒక ట్రంకు పెట్టెతోని నాందేడ్ మా ఇంటికి అచ్చింది. అప్పుడు అక్కకు రెండేండ్లు, నేను అమ్మ కడుపుల ఉన్న. నేను పుట్టేసరికి అమ్మకు రెండు చేతులు నిండినయి. అక్క అత్తమ్మ చేతులకు పోయింది. తినిపిచ్చింది, జడలేసింది, బడికి తోలింది, జెరమస్తే పక్కన పండింది, అన్ని అత్తమ్మనే. అక్క గూడ నొప్పయితే అమ్మా అని కాదు, అత్తమ్మా అని ఏడ్చేది. ఈ సంగతి అమ్మకు ఎట్లుంటదో అమ్మ ఎప్పుడు చెప్పలే. కెమెరాతోని చెప్పిచ్చింది.

కారణం మాత్రం పద్ధతే. బొట్టు లేని మనిషి శుభకార్యం ఫోటోల పడొద్దు. వదినా, నువ్వు రాకు అని అమ్మ ఎన్నడన్లే, మర్యాదస్తురాలు. వదినా కూసో, ఒక ఫోటో దిగు అనేది. నా దిక్కు చూసి తీయ్ తీయ్ అనేది. అత్తమ్మ కొంగు సర్దుకోని, ఎన్నుపూస నిటారుగ పెట్టి, మొఖం జెర పక్కకు తిప్పి కూసునేది. స్టూడియో ఆమె గద, పోజు పక్కా. నేను బుగ్గ ఎలిగిచ్చి, బాగచ్చింది అత్తమ్మా అని థమ్స్ అప్ చూపెట్టేటోన్ని. మూడేండ్లు. గణపతికి, దీపావళికి, సత్యనారాయణ వ్రతానికి. లోపల నాకు మస్తు నవ్వచ్చేది. దాసిపెట్టి ఏం లాభం, నవ్వచ్చేది.

మూడో ఏడు అక్క పెండ్లి కుదిరింది. నిజామాబాద్ దిక్కు సంబంధం. పెండ్లికి కిరాయి ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడిండ్రు. ఇంట్ల పసుపు పెట్టే నాడు మాత్రం నేనే, నా సబ్బుబిళ్లనే.

ఆ పొద్దు నేను ఎనుక నల్లా కాడ పండ్లు తోముతుంటే అత్తమ్మ గంజు కడుగుకుంట, నా దిక్కు చూడకుంటనే అన్నది.

"ఇయ్యాల నిండ నొక్కు."

ఏందని అడిగిన. నోట్ల నురుగు ఉండె, సరిగ రాలే.

"సగం నొక్కి నా కండ్లల్ల బుగ్గ ఎలిగిచ్చుడు కాదు. నిండ నొక్కు. మీ మామ రీలు లేని కెమెరాతోని సగం భోకర్‌ను తీసిండు. పైసలియ్యనోళ్లకు ఉత్త ఫ్లాష్ కొట్టెటోడు, వాళ్లు నవ్వుకుంట పోయెటోళ్లు. ఆ ఎనుక కుర్చీల కూసోని నవ్వు ఆపుకున్నదాన్ని నేనే. నాకే చేస్తున్నవా?"

నేను నురుగు మింగిన. మూడేండ్ల సంది ఎరుకైతే మరి ఎందుకు కూసున్నవని అడిగిన.

"నువ్వు అంత మంచిగ యాక్టింగ్ చేస్తుంటే మధ్యల లేవాల్నా?"

చేతులు తుడ్సుకోని కొంగు ముడి ఇప్పింది. లోపల కొత్త సెల్లుల పాకీటు, పిరమైనవి, టీవీల అడ్వర్టైజ్ అస్తది చూడు, అవి. నేను ఫంక్షన్లకు కొనేటియి గూడ అంత పిరమైనవి కాదు. ఎప్పుడు, ఎట్ల కొన్నదో ఎరుకలే. మామ బతికుండంగ ఊరందరిని తీసిండట గని ఈమెను తియ్యలేదట. ఉన్న ఒక్క పెండ్లి ఫోటోల తల ఒంచుకోని ఉన్నదట, బాసింగం తప్ప ఇంకేం కనవడదట. ఇదంత గంజు దిక్కు చూసే చెప్పింది. ఎనుకసీరి పాకీటు నా చేతుల పెట్టింది.

"ముప్పయి అస్తయి గద. నాకు పెండ్లిపిల్లతోని ఒక్కటి. మిగిలిన ఇరువై తొమ్మిది మీ అమ్మను తీయ్."

పక్కా అన్న. అబద్ధం కాదు. అప్పుడు పక్కానే అనుకున్న.

పది గంటలకు ముంగటి అర్రల అక్కను పీట మీద కూసోపెట్టిండ్రు. కిటికీల పరదాలు ఏసిండ్రు. పిలగాని దిక్కు ఆడోళ్లు ఎనిమిది మంది చాప మీద వరుసగ కూసోని మా ఇంటి సీలింగుకు మార్కులు ఏస్తుండ్రు. అమ్మ ఆ ఫోటోల కోసమే కొన్న ఆకుపచ్చ పైఠణీ పట్టుచీర కట్టుకున్నది. కొత్త సెల్లులు ఎట్లున్నయో చూద్దామని నేను పసుపు గిన్నెను ఒకటి, మామిడాకులను ఒకటి, ఉత్త పీటను రెండు తీసిన. ఫ్లాష్ పటాకి లెక్క కొట్టింది. గసుంటి సెల్లులు ఆ కెమెరా జన్మల తినలే.

ముత్తయిదువలు లేవక ముందే అత్తమ్మ అంటింట్లకెంచి అచ్చింది. బూడిద రంగు చీర, ఉతికి మడతలు పెట్టింది. పసుపు గిన్నెను ముట్టలే. అక్క పక్కన జానెడు జాగ ఇడిచి కూసున్నది. అక్కనే జరిగి ఆ జానెడు నింపింది. చాప మీద ఒకామె ఇంకొకామె చెవుల ఏందో అన్నది. ఆ ఇంకొకామె అమ్మ దిక్కు చూసింది.

అమ్మ నవ్వింది. నవ్వుకుంటనే అన్నది: "తీయ్ తీయ్."

చాప మీదోళ్లకు అది వదినె మీద ప్రేమ లెక్క ఇనవడ్డది. పీట కాడ కూసున్న ఒక్కామెకు, కెమెరా పట్టుకున్న నాకు తప్ప ఇంకెవరికి ఎరుకలే. సగానికి, నిండకు నడుమ దూరం బియ్యపుగింజంత ఉంటది. నా ఏలు ఆ గింజ మీద ఉన్నది. అత్తమ్మ మొఖం పక్కకు తిప్పలే ఈసారి, సక్కగ నా దిక్కే పెట్టింది. అక్క ఆమె చెయ్యి పట్టుకున్నది. తీస్తే మస్తు ఫోటో అయితుండె.

సగం నొక్కిన.

బుగ్గ ఎలిగింది. టిక్కు టిక్కు. పరదాలు ఏసిన అర్రల ఫ్లాష్ రాలే. బాగచ్చింది అనుడు మర్చిపోయిన. థమ్స్ అప్ మాత్రం దానంతటదే లేచింది.

"చూపియ్యి," అన్నది అత్తమ్మ. మూడేండ్లల్ల మొదటిసారి.

ఇరువై మంది నా దిక్కు చూసిండ్రు. సెల్లులు అయిపోయినయి అత్తమ్మా అని బంద్ బటన్ ఒత్తిన. మూతి జుయ్యిమని ఒక్క దెబ్బల లోపటికి పోయింది. సచ్చిన సెల్లులతోని అది ఎన్నడు అంత జోరుగ పోలే. అత్తమ్మ ఆ సప్పుడు ఇన్నది. నవ్వలే, కండ్లల్ల నీళ్లు తెచ్చుకోలే. చెయ్యి సాపింది.

"అయ్యో. అయిపోయిన సెల్లులు కెమెరాల ఉంచొద్దు రా. కారుతయి, మిషన్ ఖరాబయితది. మీ మామ చెప్పెటోడు. ఇటియ్యి."

ఇయ్యక ఏం చెయ్యాలె? సెల్లులు అయిపోలేదని చెప్పాలంటే నేను ఇందాక చేసిందేందో చెప్పాలె. మూత తీసి, ఇంకా ఇరువై ఆరు ఫోటోలు బతికున్న సెల్లులు రెండు ఆమె అరచేతుల పోసిన. కొంగుల ముడేసుకోని, అక్క చెంప ఒకసారి ముట్టి, లేచి అంటింట్లకు పోయింది.

ముత్తయిదువలు లేచిండ్రు. అక్కకు పసుపు పెట్టిండ్రు. అమ్మ గిన్నె పట్టుకోని ముంగటికి ఒంగి, నగలు కనవడేటట్టు తిరిగి, ఇప్పుడు మంచిగ తీయ్ రా అన్నది. నేను కెమెరా మూత తెరిచి ఉత్త కడుపు చూపెట్టిన. అమ్మ అంటింటి తలుపు దిక్కు చూసింది, చాప దిక్కు చూసింది. వదినా, ఆ సెల్లులు ఇటియ్యి అని అడుగుతదా? అడిగితే సంగతి మొత్తం చాప మీద పడ్తది. అడుగలే. నవ్వు మాత్రం మొఖం మీద అట్లనే ఉంచుకున్నది, దింపుడు మర్చిపోయింది. పక్కింటి కాకు ఉత్సాహంగ, అరే, ఆణిక్ ఏక్ కాఢ్ నా, ఇంకోటి తీయరా అని నన్ను పొడిచింది. మొదటిదే లేదు పాపం.

గల్లీ దుకాన్ల సెల్లులు తెచ్చి ఏసిన. మూతి బయటికి, ఎర్ర గుర్తు, మూతి లోపటికి. సైకిల్ మీద వజీరాబాద్ పోయి మంచివి తెచ్చేసరికి అక్క తానం చేసి తల ఆరబెట్టుకుంటుండె. మా అక్క పసుపు ఫోటోలు ఇప్పటికి నాలుగున్నయి. గిన్నె, ఆకులు, పీట, మళ్ల పీట.

మధ్యాన్నం అమ్మ నన్ను మెట్ల కిందికి గుంజుకపోయి తిట్టింది. అత్తమ్మను తియ్యనందుకు కాదు.

"ఇంత చదివిచ్చినం, బుద్ధి లేదా? నిండ నొక్కి, చూపెట్టి, ఎనుకసీరి డిలీట్ కొడ్తే అయిపోతుండె గద."

నిజంగ నాకు శరమైంది. చేసినందుకు కాదు, ఇది నాకు తట్టనందుకు. అమ్మకు కెమెరా నా కంటె మంచిగ అచ్చు.

అక్క ఒక్క మాటే అన్నది, దువ్వుకుంట: "నీ కెమెరా మస్తు తెలివైంది రా. ఎవలస్తే సావాల్నో దానికెరుక." పెండ్లి దాక మళ్ల మాట్లాడలే. అప్పగింతలప్పుడు అందరి భుజాల మీద వరుసగ ఏడ్చింది. నా వంతు అచ్చేసరికి కారు స్టార్ట్ అయింది. కిరాయి ఫోటోగ్రాఫర్ రెండు వందల ఫోటోలు తీసిండు. అత్తమ్మ ఒక్కదాంట్ల లేదు. వంటల కాడ ఉండుమని అమ్మ ముందే చెప్పింది, మర్యాదగానే.

ఆ సెల్లులు ఏమైనయో నేను అడుగలే, ఆమె చెప్పలే.

మొన్న ఎండకాలం అక్క బిడ్డను తీసుకోని అచ్చింది. అత్తమ్మ మంచం మీద, పక్కన అక్క, అత్తమ్మ ఒళ్లె పిల్ల. నేను జేబులకెంచి ఫోన్ తీసిన. ఎన్కటి పాపం ఒకటి మాఫీ అయితదని నా లెక్క. ఒక ఫోటో దిగు అత్తమ్మా అన్న.

దీంట్ల సెల్లులు అయిపోవా అని అడిగింది. అయిపోవు, ఎన్నయినా తియ్యొచ్చు, వెయ్యి తియ్యొచ్చు అన్న.

"నాడు ముప్పయిట్ల ఒక్కటి అడిగిన. ఇప్పుడు వెయ్యిట్ల ఒకటి ఏం చేసుకోను? దాంతోని నువ్వు గల్లీ కుక్కలను గూడ తీస్తవు."

పిల్లను అక్క ఒళ్లెకు జరిపి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. అక్క ఆమె కొంగు పట్టుకున్నది గని అత్తమ్మ ఆగలే, మెల్లగ ఇడిపిచ్చుకున్నది. మంచం మీద జాగ ఖాళీ అయింది. నేను పిలువక ముందే అమ్మ పైట సర్దుకుంట అచ్చి ఆ జాగల కూసున్నది. నలభై ఫోటోలు తీసిన. అన్నిట్ల అమ్మ మంచిగ నవ్వుతున్నది.