చల్లపల్లి పప్పుమిల్లులో ఆరిపోయే లైట్లు

పొద్దున్న ఆరు ఇరవైకి విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎక్కాను. చల్లపల్లి వెళ్ళేవాళ్ళకి ఇదే తేలిక. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్ ఇస్తున్నారు. కుడివైపు కిటికీ చూసుకుని కూర్చోండి, పొద్దుటెండ ఎడమవైపు కొడుతుంది. నేను మాత్రం వెళ్ళి ఎడమవైపే కూర్చున్నాను. ఆ రోజు నా బుర్ర అలా ఉంది.

సంగతేమిటంటే, గోడౌన్లకీ ఫ్యాక్టరీలకీ కరెంటు తక్కువ లాగే లైట్లు ఎక్కడెక్కడ పెట్టాలో లెక్కవేసి పెట్టించడం నా వృత్తి. పదేళ్ళు ఒకరి దగ్గర పనిచేసి, సొంతంగా పట్టిన మొదటి పని చల్లపల్లి దగ్గర ఒక మినప్పప్పు మిల్లు. అక్కడ పాత పెద్ద బల్బులు తీయించి ఎల్‌ఈడీలు పెట్టించాను, వాటికి సెన్సార్లు కూడా. మనిషి కదిలితే వెలుగుతాయి, ఎవరూ లేకపోతే వాటంతటవే ఆరిపోతాయి. మూడు వారాలుగా యజమాని సాంబశివరావు గారిది ఒకటే ఫోను, పని మధ్యలో లైట్లు ఆరిపోతున్నాయని. మా ఎలక్ట్రీషియన్‌ని రెండుసార్లు పంపాను. మిల్లంతా తిరిగి చూసి "ఒక్కటీ ఆరలేదు మేడమ్" అన్నాడు. నిన్న సాంబశివరావు గారు తేల్చేశారు: "రేపొక్కరోజు చూస్తానండీ. సరికాకపోతే ఎల్లుండి పాతవే బిగించుకుంటాను."

పాతవి ఆయన పారేయలేదు, మిల్లులో ఒక మూల దాచారు. మొదటి పనే పీకేస్తే రెండో పని నాకెవరిస్తారు? భయమేసింది. దాన్ని మించి ఒళ్ళు మండింది.

ఉయ్యూరులో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్ళో ఉన్న మీటరు చూసి, "షుగరు చూసే మిషనా అమ్మా?" అంది.

"కాదండీ, వెలుతురు ఎంతుందో చూసేది."

"దానికి మిషనెందుకు, కళ్ళున్నాయిగా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పామర్రు దాటాక రోడ్డుకి అటూ ఇటూ మినుము చేలు. ఎనిమిదిన్నరకి చల్లపల్లిలో దిగాను. బస్టాండు ఎదుట ఇడ్లీ, అల్లం చట్నీ, టీ కలిపి నలభై ఐదు రూపాయలు. చట్నీ అదిరింది, రెండోసారి వేయించుకున్నాను. ఆటో అతను ఎనభై అడిగి అరవైకి వచ్చాడు.

మిల్లులో పప్పు ఏరే షెడ్డుకి కిటికీలు లేవు, పట్టపగలు కూడా లైట్లుండాల్సిందే. ముప్ఫైమంది ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని వరసల్లో కూర్చుని రాళ్ళూ నల్లగింజలూ ఏరుతున్నారు. వాళ్ళకి మేస్త్రి ఎస్తేరమ్మ, యాభై ఏళ్ళ మనిషి. గంటన్నరసేపు మీటరు పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగాను. వెలుతురు కావలసినంత ఉంది. ఒక్క లైటూ ఆరలేదు.

"చూశారా అండీ?" అన్నాను సాంబశివరావు గారితో, కాస్త గర్వంగానే.

"మీరుంటే ఆరవు, మీరెళ్ళగానే ఆరతాయి. ఏం మాయండీ ఇది!" అన్నారాయన.

ఎస్తేరమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. "తిరిగేవాళ్ళకేం తెలుద్దమ్మా? ఇలాగొచ్చి కూర్చో" అంది.

కూర్చున్నాను. నాకూ ఒక చేట ఇచ్చింది. తల వంచుకుని ఏరడం మొదలుపెట్టాను. పది నిమిషాలయిందో లేదో, టప్పుమని చీకటి. ఆడవాళ్ళంతా "ఓ..." అని అరిచారు. ఎస్తేరమ్మ చేట పైకెత్తి గాల్లో ఊపింది. లైట్లు వెలిగాయి. వెంటనే వరసంతా చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నారు.

"సందేళ లైటేశాక ఒక్కసారి పెట్టే దణ్ణం, ఇప్పుడు పూటకి పదిసార్లు పెడతన్నాం" అంది పక్కనున్నామె.

"నేను పదిసార్లు స్తోత్రం చెబుతున్నా" అంది ఎస్తేరమ్మ. అందరూ పకపకా నవ్వారు.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ముప్ఫై అడుగుల ఎత్తునున్న సెన్సార్‌కి మూటలు మోసేవాళ్ళు కనిపిస్తారు. వేళ్ళు తప్ప ఏమీ కదలని మనుషులు దాని లెక్కలో లేరు. నా లెక్కలోనూ లేరు. కాగితం మీద ప్లాను గీసినప్పుడు అందరూ నడుస్తున్నారనే అనుకున్నాను. సరిచూడటానికి వచ్చిన ప్రతివాళ్ళమూ నడిచే చూశాం.

బస్తాలుండే వైపు సెన్సార్లు అలాగే ఉంచి, ఏరే వరసల మీదవి తీసేసి, ఎస్తేరమ్మ చేతికందేలా స్తంభానికి మామూలు స్విచ్ పెట్టిద్దామన్నాను. సాంబశివరావు గారు ఒప్పుకోలేదు. "వాళ్ళ చేతికిస్తే పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటాయండీ. పాత లైట్లు ఏనాడన్నా ఆపారా?" గోడమీద పాత స్విచ్‌బోర్డుకి టేపు వేసి ఉంది, పైన ఎర్ర రంగుతో 'ముట్టరాదు' అని రాసి ఉంది. భోజనాల వేళ దాకా చూడమని బతిమాలితే సరేనన్నారు. మిల్లు ఎలక్ట్రీషియన్ పన్నెండున్నరకి పని ముగించాడు.

ఒంటిగంటకి భోజనాలు. ఆయనా నేనూ గుమ్మం బయట నిలబడ్డాం. ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని ఒక్కొక్కరే బయటికొచ్చారు. అందరికంటే వెనక ఎస్తేరమ్మ. స్తంభం దగ్గర ఆగింది. ఏరే వరసలన్నీ చీకటయ్యాయి.

"ఆపిందండీ!" అన్నారు సాంబశివరావు గారు తెల్లబోయి.

"ఎవరూ లేనిచోట లైటెందుకండీ?" అంది ఎస్తేరమ్మ. "పాతవి ఆపితే మళ్ళీ ఎలగడానికి పది నిమిషాలు పట్టేది. పని ఆగిపోయిందని మీరు తిట్టేవారు. అందుకే ముట్టేవాళ్ళం కాదు."

భోజనాలయ్యాక ఆమె స్విచ్ వేయగానే షెడ్డు తెల్లగా వెలిగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుమ్ము పడిందని చెప్పాను.

ఐదుంపావుకి తిరుగు బస్సు. ఈ లైట్ల పనిమీద ఎవరైనా ఏ మిల్లుకైనా వెళ్తే నాదొక్కటే మాట: మీటరు తీసే ముందు, అక్కడ పనిచేసేవాళ్ళ పక్కన ఒక గంట కూర్చోండి. ఉయ్యూరు వచ్చేసరికి చీకటి పడింది. డ్రైవరు బస్సులో లైట్లు వేశాడు. ముందు సీటులో ఒకామె దణ్ణం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

అప్పుడే సాంబశివరావు గారి ఫోను. "పాతసామాన్ల బండి వచ్చిందండీ. ఆ పాత లైట్లు ఇచ్చేస్తున్నాను. ఆ మూల ఖాళీ అయితే ఇంకో నలుగురు కూర్చోవచ్చంటోంది ఎస్తేరమ్మ. అక్కడికీ ఒక లైటు కావాలి."

"సెన్సార్ పెట్టనా అండీ?" అన్నాను, ఉండబట్టలేక.

"వద్దండీ బాబూ, స్విచ్ చాలు. ఆమె చేతికందేట్టు పెట్టండి."